ఫ్రెండ్స్‌తో మల్ ద్వీపానికి పక్షులు చూడ్డానికి వెళ్ళాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఐల్ ఆఫ్ మల్ అని ఒక ద్వీపం ఉంది. సుమారు 875 చదరపు కిలోమీటర్లు, ఉండే జనం మూడు వేల దాకా, మిగతాదంతా కొండలు, అడవి, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు. బ్రిటన్‌లో పక్షులు చూడ్డానికి ఎక్కడికి పోదాం అని ఎవరైనా అడిగితే నేను కళ్ళు మూసుకుని ఈ పేరే చెప్తా. ఎందుకంటే గ్లాస్గో నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండొచ్చు, ఒకే ట్రిప్‌లో రెండు రకాల పెద్ద గద్దలు, పఫిన్లు (రంగురంగుల ముక్కున్న చిన్న సముద్రపు పక్షులు), కార్న్‌క్రేక్ (గడ్డిలో దాక్కుని అరిచే పక్షి), నీటికుక్కలు అన్నీ దొరికే ఛాన్స్ ఉంది, పైగా మన గ్యాంగ్‌లో పక్షులంటే పిచ్చి ఒకరికో ఇద్దరికో ఉంటుంది, మిగతావాళ్ళు ఫోటోలకి, తిండికి, నిద్రకి వస్తారు, వాళ్ళకి కూడా బోర్ కొట్టని చోటు ఇది.

అసలు సంగతి ముందే చెప్పేస్తా, కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మల్‌లో ఎంత ఎక్కువ తిరిగితే అంత తక్కువ కనిపిస్తాయి. మన వాళ్ళు ట్రిప్ అనగానే రోజుకి ఆరు స్పాట్లు రాసుకొస్తారు, ఇక్కడ అది పనిచేయదు. రోజుకి ఒక పాయ ఒడ్డు, మహా అయితే రెండు, అక్కడే కారు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. నేలపట్టులో వాచ్ టవర్ ఎక్కగానే చెట్ల నిండా పెలికాన్లు కనిపిస్తాయి చూడండి, అలాంటిది ఇక్కడ ఒక్క పఫిన్ల దగ్గర తప్ప ఆశించొద్దు. గద్ద మన టైమ్‌కి రాదు, దాని టైమ్‌కి మనం అక్కడ ఉండాలి అంతే.

ముందు నెల ఫిక్స్ చేసుకోండి

మే నెల మధ్య నుంచి జూన్ ఆఖరు లోపు వెళ్ళండి, ఇందులో ఇంకో ఆలోచన వద్దు. పఫిన్లు ఏప్రిల్‌లో గట్టుకి వచ్చి జూలై ఆఖరుకో ఆగస్టు మొదట్లోనో సముద్రంలోకి వెళ్ళిపోతాయి, ఆ తర్వాత వెళ్తే ఖాళీ బొరియలు చూసి రావాలి. కార్న్‌క్రేక్ ఆఫ్రికా నుంచి ఏప్రిల్ రెండో సగంలో వస్తుంది, మే, జూన్‌లో బాగా అరుస్తుంది. గద్దలు ఏడాదంతా ఉంటాయి కానీ గూట్లో పిల్లలున్నప్పుడు తల్లీతండ్రీ తిండి కోసం ఎక్కువ తిరుగుతాయి కాబట్టి మనకి లాభం. జూన్‌లో అయితే తెల్లారి నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి పదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. పొద్దున్న లేవలేని ఫ్రెండ్స్‌కి ఇది వరం, డిన్నర్ చేసి ఎనిమిదింటికి మళ్ళీ బయటికి వెళ్ళొచ్చు, ఆ సాయంత్రపు రెండు గంటలు చాలా బాగుంటాయి.

జూలై, ఆగస్టుల్లో స్కూల్ సెలవులు, రేట్లు ఎక్కువ, మిడ్జెస్ అనే పురుగులు ఇంకా ఎక్కువ (వాటి గురించి కింద వేరుగా ఏడుస్తా). మేలో వచ్చే బ్యాంక్ హాలిడే వీకెండ్లు కూడా వదిలేయండి. యూకేలో చదువుకునే మన పిల్లలంతా ఆ వీకెండ్‌కే ప్లాన్ వేస్తారు, వాళ్ళతో పాటు మిగతా దేశమంతా వేస్తుంది.

ఎంతమంది, ఎవరెవరు

నలుగురు బెస్ట్. ఐదుగురైతే కారులో వెనక సీటు మధ్యలో కూర్చున్నవాడికి ఏమీ కనిపించదు, వాడు మూడో రోజుకి అలుగుతాడు. ఎనిమిది మంది రెండు కార్లంటే ఇక అది పక్షుల ట్రిప్ కాదు, పెళ్ళిబృందం. సింగిల్ రోడ్డు మీద రెండు కార్లు ఒకచోట ఆపడానికి జాగా కూడా దొరకదు.

బయల్దేరకముందే పనులు పంచుకోండి, వాట్సాప్ గ్రూప్‌లో మాటమాత్రంగా కాదు, పేర్లు పెట్టి. డ్రైవింగ్‌కి ఇద్దరు ఉండాలి, ఒక్కడే నడిపితే వాడు రోడ్డు తప్ప ఇంకేమీ చూడడు పాపం. ఒకరు వాతావరణం, సముద్రపు ఆటుపోట్ల టైమ్ చూసుకోవాలి. ఒకరు తిండి. ఖర్చులన్నీ ఏదో ఒక యాప్‌లో అప్పటికప్పుడు ఎక్కించేయండి. ఇంకో ముఖ్యమైన ఒప్పందం, పక్షులు వద్దనుకున్న పూట ఎవరైనా కాటేజ్‌లో ఉండిపోవచ్చు, ఎవరూ సాధించకూడదు. బలవంతంగా వచ్చినవాడు పది నిమిషాలకోసారి "ఇంకెంతసేపురా" అంటాడు, అది విని విని పక్షులకన్నా ముందు మనకి పిచ్చెక్కుతుంది.

చేరుకోవడం

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి మామూలు విజిటర్ వీసా చాలు. మన ఇండియా లైసెన్స్ మీద ఇక్కడికొచ్చిన మొదటి 12 నెలలు కారు నడపొచ్చు, రోడ్డుకి ఎడమవైపే డ్రైవింగ్ కాబట్టి యూరప్‌లో పడే ఆ తికమక ఉండదు. కాకపోతే కారు అద్దెకిచ్చేవాళ్ళు వయసు, లైసెన్స్ ఎన్నేళ్ళ పాతది అని వాళ్ళ సొంత రూల్స్ పెడతారు, బుక్ చేసేముందే అడగండి. కారు తీసుకునేటప్పుడే ఫెర్రీ ఎక్కించొచ్చా అని కూడా ఒక మాట అడిగేస్తే అయిపోతుంది.

గ్లాస్గో నుంచి ఓబన్ అనే ఊరికి కారులో రెండున్నర గంటల పైన, లాక్ లోమండ్ సరస్సు పక్కనుంచి రోడ్డు. ట్రైన్ అయితే గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి మూడు గంటలకి కాస్త పైన, కిటికీ సీటు దొరికితే ఆ ప్రయాణం ఒక్కటే టికెట్ డబ్బులకి సరిపోతుంది. ఓబన్ నుంచి కాల్‌మాక్ వాళ్ళ ఫెర్రీ, గంట లోపే మల్‌లో క్రెయిగ్‌న్యూర్ దగ్గర దింపుతుంది. మనుషులకి టికెట్ దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది, కారుకి మాత్రం దొరకదు. సమ్మర్‌లో కారు స్లాట్లు వారాల ముందే అయిపోతాయి కాబట్టి ముందు ఫెర్రీ, తర్వాత కాటేజ్, ఆ తర్వాతే ఫ్లైట్ లేదా ట్రైన్ బుక్ చేయండి. చాలామంది తిరగేసి చేసి, కాటేజ్ శనివారం నుంచి, కారుకి ఫెర్రీ సోమవారం అని తల పట్టుకుంటారు. సీజన్లో ఎక్కువ కాటేజీలు శనివారం నుంచి శనివారం వారం లెక్కనే ఇస్తారు, అది కూడా గుర్తుంచుకోండి.

కారు లేకుండా కూడా అవుతుంది, క్రెయిగ్‌న్యూర్ నుంచి టోబర్మరీకి, ఇంకోవైపు ఫియన్‌ఫోర్ట్‌కి బస్సులున్నాయి, కానీ గద్దలుండే పాయల దగ్గర మనకి కావాల్సినప్పుడు బస్సు ఉండదు. స్టూడెంట్ బడ్జెట్ అయితే బస్సులో తిరిగి, ఒక రోజు లోకల్ గైడ్ వ్యాన్ టూర్ తీసుకోండి. వాళ్ళే బైనాక్యులర్స్ కూడా ఇస్తారు చాలావరకు, ఏ చెట్టు మీద ఏది కూర్చుంటుందో వాళ్ళకి కంఠతా ఉంటుంది.

ఓబన్‌లో ఫెర్రీకి ముందు అరగంట దొరికితే చిప్స్ తింటూ కూర్చోకుండా సముద్రం పక్క గోడ దగ్గరికి వెళ్ళి కిందకి చూడండి. ఆ రాతిగోడలో నీళ్ళు పోవడానికి పెట్టిన రంధ్రాల్లో బ్లాక్ గిలెమాట్లు గూళ్ళు పెడతాయి. ఒళ్ళంతా నల్లగా, రెక్క మీద తెల్ల మచ్చ, కాళ్ళు ఎర్రటి ఎరుపు, నోరు తెరిస్తే లోపల కూడా అదే ఎరుపు. ట్రిప్‌లో మొదటి మంచి పక్షి కారు పార్కింగ్ దగ్గరే దొరికిపోతుంది. ఫెర్రీ ఎక్కాక లోపల కాఫీ లైన్లో నిలబడొద్దు, పైన డెక్ మీదకి పొండి. గానెట్లు రెక్కలు మడిచి నీళ్ళలోకి దూకడం, మ్యాంక్స్ షియర్‌వాటర్లు అలల మీద రాసుకుంటూ పోవడం, అప్పుడప్పుడు పోర్పాయిస్ (డాల్ఫిన్ లాంటి చిన్న సముద్రపు జంతువు) వీపు, అన్నీ ఆ గంటలోనే.

కాటేజ్, సామాన్లు, వంట

టోబర్మరీ రంగురంగుల ఇళ్ళతో చూడ్డానికి చాలా బాగుంటుంది, రెస్టారెంట్లు అవీ అక్కడే. కానీ అది ద్వీపానికి ఉత్తరం మూల. పక్షుల కోసమైతే సేలన్ చుట్టుపక్కల తీసుకోండి, ద్వీపం అక్కడ సన్నగా నడుం కట్టి ఉంటుంది, ఇటు గద్దలుండే లాక్ న కీల్ అనే పాయకి పది నిమిషాలు, అటు మెయిన్ రోడ్డు. పక్కనున్న అయోనా దీవి మీద మోజుంటే ఒక రాత్రి మాత్రం ఫియన్‌ఫోర్ట్ వైపు లేదా అయోనాలోనే పడుకునేలా చూసుకోండి, ఎందుకో కింద చెప్తా.

కూరగాయలు, బియ్యం, పాలు అన్నీ ఓబన్‌లో టెస్కోలో కొని ఎక్కేయండి. టోబర్మరీలో కోఆప్ సూపర్‌మార్కెట్ ఉంది, మిగతా ఊళ్ళలో చిన్న షాపులు, అవి త్వరగా మూసేస్తారు. కరివేపాకు, పచ్చిమిరపకాయలు, కందిపప్పు గ్లాస్గోలో ఇండియన్ షాపులోనే తీసుకోండి. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు ఆవకాయ తెచ్చుకోవచ్చు గానీ నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్ళు తీసుకురావడానికి రూల్స్ ఒప్పుకోవు, ఎయిర్‌పోర్ట్‌లో తీసి పడేస్తే అమ్మ చేసిన పూతరేకులు పోయాయని ట్రిప్పంతా ఏడవాలి.

బయటికి పట్టుకెళ్ళడానికి పులిహోరని మించింది లేదు. చల్లారినా బాగుంటుంది, చెంచాతో తినేయొచ్చు, ఇంకో చేత్తో బైనాక్యులర్స్ పట్టుకోవచ్చు. ఒక పెద్ద ఫ్లాస్క్ టీ కచ్చితంగా, గాలికి రెండు గంటలు కూర్చున్నాక ఆ టీ కోసం ఆస్తులు రాసిచ్చేలా ఉంటారు.

ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

బైనాక్యులర్స్ తలా ఒకటి ఉండాలి, పంచుకుంటే గొడవలు. 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10×42 ఇంకా దగ్గరగా చూపిస్తుంది కానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా వణుకుతుంది, పడవలో అస్సలు పనికిరాదు. కొత్తవాళ్ళకి 8 తోనే పక్షి త్వరగా దొరుకుతుంది, చూసే మేర వెడల్పుగా ఉంటుంది కాబట్టి. టెలిస్కోప్ గ్యాంగ్ మొత్తానికి ఒకటి, ట్రైపాడ్‌తో, చాలు. కిలోమీటరు అవతల చెట్టు మీద కూర్చున్న గద్దని అందరికీ వరసగా చూపించడానికి ఇదే దిక్కు. కొనలేకపోతే ఒక రోజు గైడ్‌తో వెళ్ళండి, ఆ స్కోప్‌లోంచే చూడొచ్చు.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుని బ్రిటన్ పక్షుల ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేయండి, మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి, ద్వీపంలో సగం చోట్ల సిగ్నల్ ఉండదు. మెర్లిన్ కూతని విని పేరు చెప్తుంది, తొంభై శాతం నమ్మండి, కళ్ళతో చూసేదాకా లిస్టులో రాయకండి.

బట్టల సంగతి, జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, ఇక్కడ తడవకుండా ఉండదు. వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, చీలమండ దాకా వచ్చే బూట్లు, జూన్ అయినా సరే ఉన్ని టోపీ. డెకాథ్లాన్‌లో చవకగా దొరికేవి బాగానే పనిచేస్తాయి. రంగు గోధుమ, ఆకుపచ్చ లాంటివి అయితే మంచిదే గానీ అసలు కావాల్సింది కదలకుండా, గట్టిగా మాట్లాడకుండా ఉండటం. ఎర్ర జాకెట్ వేసుకుని నిశ్శబ్దంగా కూర్చున్నవాడికి అన్నీ కనిపిస్తాయి, ఆర్మీ డ్రెస్ వేసుకుని రీల్స్ పెట్టుకుని చూసేవాడికి ఏమీ కనిపించదు.

రోడ్డు మీద ఎలా ఉండాలి

మల్‌లో చాలా రోడ్లు ఒక్క కారు పట్టేంతే. మధ్య మధ్యలో పాసింగ్ ప్లేస్ అని చిన్న జాగాలుంటాయి, బోర్డు ఉంటుంది. ఎదురుగా కారు వస్తే మీ ఎడమవైపు ఉన్న పాసింగ్ ప్లేస్‌లోకి దూరండి. అది కుడివైపు ఉంటే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగండి, వాళ్ళు అందులోకి దిగి చుట్టూ తిరిగి పోతారు. కుడివైపుకి అడ్డంగా వెళ్ళి దూరకూడదు. వెనక నుంచి లోకల్ వాళ్ళు వస్తుంటే జాగా ఇచ్చి పంపేయండి, వాళ్ళు డ్యూటీకి పోతుంటారు, మనం గద్దలు చూస్తూ ఇరవైలో పోతుంటాం. దాటిన ప్రతి కారుకీ చెయ్యెత్తి థాంక్స్ చెప్పడం అక్కడి మర్యాద.

పాసింగ్ ప్లేస్‌లో కారు ఆపి పక్షులు చూడకూడదు. ఇది మల్ జనాలకి టూరిస్టుల మీదున్న ఒకటో నంబర్ కంప్లైంట్, న్యాయమైన కంప్లైంట్ కూడా. అంబులెన్స్ ఆగిపోతుంది. గద్ద తల మీద ఎగురుతున్నా సరే ముందుకెళ్ళి సరైన లేబై (రోడ్డు పక్కన కారు ఆపుకునే జాగా) చూసుకుని ఆపండి. గొర్రెలు, జుట్టు కళ్ళమీద పడే హైలాండ్ ఆవులు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, హారన్ కొట్టకండి, మెల్లగా పోతే లేస్తాయి. క్రెయిగ్‌న్యూర్ నుంచి ఫియన్‌ఫోర్ట్‌కి 60 కిలోమీటర్లే కదా అని ముప్పావుగంట లెక్క వేయొద్దు, గంటంపావు పైనే. పెట్రోల్ సగానికి రాగానే నింపేయండి, బంకులు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఇంకోటి, స్కాట్లాండ్‌లో తాగి నడపడం లిమిట్ ఇంగ్లాండ్ కన్నా తక్కువ, 2014 డిసెంబర్ నుంచి, కాబట్టి లంచ్‌లో ఒక్క బీరే కదా అనే లెక్క ఇక్కడ చెల్లదు.

ఇక గద్దలు

ఈ ద్వీపానికి జనం వచ్చేదే వీటికోసం. వైట్ టెయిల్డ్ ఈగిల్, అక్కడ సీ ఈగిల్ అంటారు. 1918 నాటికి బ్రిటన్‌లో ఒక్కటి కూడా మిగల్లేదు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయని కాల్చి, విషం పెట్టి, గుడ్లు దొంగిలించి తుడిచిపెట్టేశారు. 1975 నుంచి నార్వే పిల్లల్ని తెచ్చి దగ్గర్లోని రమ్ ద్వీపంలో వదలడం మొదలెట్టారు, పదేళ్ళకి, 1985లో, మళ్ళీ ఒక అడవి జంట పిల్లని పెంచి ఎగరేసింది, అది మల్‌లోనే. ఇప్పుడు మల్‌లో మంచి సంఖ్యలో జంటలున్నాయి. గొర్రెల రైతులకి ఇప్పటికీ కోపం ఉంది, హోటళ్ళ వాళ్ళకి ఇదే బతుకుతెరువు, పబ్‌లో ఈ టాపిక్ మీరు ఎత్తకండి.

సైజ్ ఊహకి అందడానికి, గోదావరి ఒడ్డున తిరిగే మన గరుడ పక్షి రెక్కలు చాస్తే సుమారు నాలుగడుగులు, దీనికి ఎనిమిది. దూరం నుంచి గుర్తుపట్టడం ఇలా: రెక్కలు వెడల్పుగా, చివర దాకా ఒకే వెడల్పు, ఎగిరేటప్పుడు సమంగా చాచి ఉంచుతుంది, తోక పొట్టి, ముక్కు పెద్దది, పసుపు. తోక తెల్లగా లేదు కాబట్టి అది కాదు అనుకోవద్దు, పిల్ల గద్దలకి తోక తెల్లబడడానికి ఐదేళ్ళ దాకా పడుతుంది. గోల్డెన్ ఈగిల్ ఎక్కువగా కొండ అంచుల మీద కనిపిస్తుంది, తోక పొడుగు, గాల్లో తేలేటప్పుడు రెక్కల్ని కాస్త పైకెత్తి పడుతుంది. ఇక కరెంటు స్తంభం మీద, కంచె గుంజ మీద బుద్ధిగా కూర్చుని ఫోటోకి పోజిచ్చేది బజర్డ్. అక్కడివాళ్ళు నవ్వుతూ దాన్ని టూరిస్ట్ ఈగిల్ అంటారు, మొదటి రోజు ప్రతి గ్యాంగ్ ఈగిల్ ఈగిల్ అని కేకలేసేది దాన్ని చూసే.

ఎక్కడ కూర్చోవాలంటే, లాక్ న కీల్ పాయ మొదట్లో, కిల్లీక్రోనన్ దాటి ఒడ్డు వెంట. దక్షిణపు ఒడ్డు మీద బి8035 రోడ్డులో ఆగడానికి కొన్ని మంచి చోట్లు ఉన్నాయి. వెళ్ళగానే ఆకాశంలో వెతకొద్దు. ముందు ఎదుటి ఒడ్డు మీద చెట్ల పై కొమ్మల్ని, నీళ్ళ మధ్య రాళ్ళని ఎడమ నుంచి కుడికి మెల్లగా బైనాక్యులర్స్‌తో గాలించండి. సీ ఈగిల్ గంటలు గంటలు కూర్చునే పక్షి, ఒక్కోసారి గోధుమరంగు మొద్దులా కొమ్మ మీద ఉండిపోతుంది. చుట్టూ కాకులు చేరి గోల చేస్తున్నాయంటే దాన్నే వేధిస్తున్నాయని అర్థం, హుడెడ్ క్రో అని అక్కడి కాకికి ఒళ్ళు బూడిదరంగు, తల నల్లన. లేదా నీళ్ళమీదున్న సీగల్స్, ఆయిస్టర్‌క్యాచర్లు అన్నీ ఒక్కసారిగా లేచి అరుస్తూ చెల్లాచెదురైతే వెంటనే పైకి చూడండి, పైన ఏదో ఉంది.

దొరికాక ఫ్రెండ్స్‌కి చూపించే పద్ధతి నేర్చుకోండి, "అదిగో అక్కడ, ఆ చెట్టు మీద" అంటే అక్కడ నాలుగు వేల చెట్లుంటాయి. అందరికీ కనిపించే గుర్తు ఒకటి ముందు చెప్పాలి, తెల్ల ఇల్లు, దాని కుడివైపు ఎండిన చెట్టు, దాని పైన రెండు వేళ్ళ దూరం. ఎగురుతుంటే గడియారం లెక్క, కొండ శిఖరం పన్నెండు, పక్షి రెండు దగ్గర ఉంది, మెల్లగా మూడుకి పోతోంది. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

గూటి దగ్గరికి వెళ్ళడం గురించి ఆలోచించనే వద్దు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గూడు దగ్గర వీటిని కావాలనో, నిర్లక్ష్యంగానో కదిలిస్తే క్రిమినల్ కేసు, డ్రోన్ ఎగరేసి చెదరగొట్టినా అంతే. గూడు చూడాలనుంటే మల్ ఈగిల్ వాచ్ అని రేంజర్లతో నడిచే గైడెడ్ విజిట్లున్నాయి, ముందే బుక్ చేయాలి, సీజన్‌లో త్వరగా నిండిపోతాయి. అక్కడ రేంజర్ చెప్పే కబుర్లకే వెళ్ళొచ్చు, ఏ గద్దకి ఏ మొగుడు, ఎప్పుడు విడిపోయారు, మొత్తం సీరియల్ లెవెల్లో చెప్తారు.

గద్ద రాని గంటల్లో నీటికుక్కల కోసం ఒడ్డు వెంట నాచు చూస్తుండండి. ఆటు టైమ్‌కి, అంటే నీళ్ళు తగ్గినప్పుడు, వాటికి నాచులో వేట ఈజీ. నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద గీత గీసినట్టు అల కదులుతూ, తల మునగగానే తోక పైకి లేచిందంటే అదే. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే వాసన పట్టేసి మాయమైపోతుంది కాబట్టి గాలికి ఎదురుగా ఉండేలా కూర్చోండి. నీళ్ళు మళ్ళీ పెరిగేటప్పుడు కర్ల్యూలు, రింగ్డ్ ప్లోవర్లు ఒడ్డుకి, అంటే మన దగ్గరికి జరుగుతాయి, అది ఇంకో ఫ్రీ షో.

పఫిన్ల రోజు

దీనికి ఒక రోజు మొత్తం వదిలేయండి. ట్రెష్నిష్ దీవుల్లో లంగా అని ఒకటుంది (పేరు చూసి మన వాళ్ళు ఎలాగూ నవ్వుకుంటారు, ఒకేసారి నవ్వేసి కానివ్వండి). అల్వా ఫెర్రీ అనే రేవు, టోబర్మరీ, ఫియన్‌ఫోర్ట్ నుంచి పడవలు వెళ్తాయి, ఎక్కువ టూర్లు స్టాఫా ద్వీపాన్ని కూడా కలిపి చూపిస్తాయి, ఆరు పలకల నల్లరాతి స్తంభాలు, ఫింగల్స్ కేవ్ అక్కడివే. పడవ ట్రిప్‌ని మీ వారంలో మొదటి సగంలోనే బుక్ చేయండి, సముద్రం ఎగిరిపడితే క్యాన్సిల్ అవుతుంది, అప్పుడు ఇంకో రోజుకి మార్చుకునే వీలుండాలి. చివరి రోజుకి పెట్టుకుంటే ఆ ఛాన్స్ పోయినట్టే. వాంతులయ్యేవాళ్ళు మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు.

దిగడం గుండ్రాళ్ళ మీద, అవి తడిగా జారుతుంటాయి, తర్వాత కాస్త నిటారు దారి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే పడవవాళ్ళతో మాట్లాడాలి. లంగా మీద టాయిలెట్ లేదు, స్టాఫా మీదా లేదు, పడవలో ఉందో లేదో బుకింగ్‌లోనే అడగండి, ఈ ఒక్క ప్రశ్న అడగని గ్యాంగ్ ఆ రోజంతా టీ తాగదు.

పైకెక్కి గట్టు అంచుకి కాస్త ఇవతల గడ్డిలో కూర్చోండి, కూర్చుని ఊరుకోండి. పది నిమిషాల్లో పఫిన్లు చుట్టూ దిగడం మొదలెడతాయి, ఒక్కోసారి మీటరు దూరంలో. మనుషులుంటే వాటి చేపల్ని లాక్కునే గల్స్ దూరంగా ఉంటాయి, అందుకే మనం ఉన్నా వాటికి పెద్ద అభ్యంతరం లేదు. మూతినిండా అడ్డంగా సన్నటి ఇసుక చేపలు పట్టుకుని ధబ్‌మని దిగుతుంది, మెడ అటూ ఇటూ తిప్పి ఎవరైనా చూస్తున్నారా అని ఒక క్షణం ఆగుతుంది, ఒక్క పరుగున బొరియలోకి. ఆ క్షణంలోనే ఫోటో, ముందు కాదు తర్వాత కాదు. ఫోన్ చాలు దీనికి, పెద్ద లెన్స్ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి పక్షి మరీ దగ్గరైపోయి ఫోకసే పడదు. దారి దిగి తొక్కొద్దు, కింద నేలంతా బొరియలే, కాలు దిగితే లోపలున్న ఒక్కగానొక్క పిల్ల పోతుంది. పులిహోర పెట్టొద్దు, చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు, 2022 నుంచి బర్డ్ ఫ్లూ సముద్రపు పక్షుల్ని బాగా దెబ్బతీసింది, దానివల్ల కొన్ని దీవుల్లో దిగనివ్వని రోజులు కూడా వచ్చాయి.

అందరూ పఫిన్ల దగ్గరే ఆగిపోతారు. ఓపిక చేసుకుని గట్టు వెంట ఇంకాస్త నడిస్తే హార్ప్ రాక్ వస్తుంది. అక్కడ వేల గిలెమాట్లు (ఓబన్ గోడలో చూసిన బ్లాక్ గిలెమాట్ కాదు, వేరే జాతి) రాతి అంచుల మీద భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంటాయి, గూడు కట్టవు, గుడ్డు నేరుగా రాయి మీదే. ఆ గోల, ఆ కంపు రెండూ మర్చిపోలేరు. నా మట్టుకు నాకు పఫిన్ల కన్నా ఇదే ఇష్టం, గ్యాంగ్‌లో ఎవరూ ఒప్పుకోరనుకోండి.

కార్న్‌క్రేక్ కోసం అయోనా

ఫియన్‌ఫోర్ట్ నుంచి పది నిమిషాల ఫెర్రీ, టూరిస్టుల కార్లు ఎక్కించరు, నడిచే తిరగాలి, చిన్న దీవే. 563లో సెయింట్ కొలంబా అనే క్రైస్తవ సన్యాసి వచ్చి దిగింది ఇక్కడే, ఇక్కడి ఆబీ, అంటే పాత మఠం, చూడ్డానికి జనం వస్తారు. మనం ఆబీకి వెళ్ళే దారిలో పొలాల పక్కన ఆగి వింటాం. కార్న్‌క్రేక్ కూత దువ్వెన పళ్ళని గోటితో గీకినట్టు, రెండు రెండుగా, క్రెక్ క్రెక్ అని ఆగకుండా. వినడం ఈజీ, చూడడమే కష్టం, పసుపు ఐరిస్ మొక్కల గుబురులో, దురదగొండి ఆకుల్లో దాక్కుని ఉంటుంది, మూడడుగుల దూరం నుంచి అరుస్తున్నా కనపడదు. ఫోన్‌లో కూత ప్లే చేసి పిలవడం వద్దు, అది కూడా గూడు కాలంలో చట్టం కాపాడే పక్షే, మగది శత్రువు వచ్చాడనుకుని తిండి మానేసి కొట్లాటకి తిరుగుతుంది. నేను పైన చెప్పిన టైమ్‌కి కాస్త ముందు, మే మొదట్లో, గడ్డి ఇంకా పెరగకముందు వెళ్తే తల కనపడే ఛాన్స్ కాస్త ఎక్కువ. అసలు కూత అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా, అందుకే ఒక రాత్రి అటువైపు ఉండమన్నది. పగటిపూట వెళ్ళేవాళ్ళు తిరుగు ఫెర్రీ ఆఖరుది ఎన్నింటికో దిగగానే బోర్డు మీద ఫోటో తీసుకోండి.

పురుగులు

మిడ్జ్ అంటే ఆవగింజలో సగం ఉండే, దోమలా కుట్టే పురుగు, ఒక్కటి రాదు, వేలల్లో వస్తుంది. మే ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా. గాలి లేని, మబ్బుగా, తేమగా ఉన్న పొద్దున, సాయంత్రం వాటి రాజ్యం. కాస్త గాలి వీస్తే, గంటకి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే, ఎగరలేవు. కాబట్టి కూర్చునే చోటు చెట్ల నీడలో కాదు, గాలి తగిలే ఒడ్డున. స్మిడ్జ్ అని స్ప్రే దొరుకుతుంది, తలకి వేసుకునే సన్నటి వల రెండు మూడు పౌండ్లలో దొరుకుతుంది. వల వేసుకుంటే ఫోటోలో బాగోమని సిగ్గుపడే ఫ్రెండ్ మొదటి సాయంత్రమే అడిగి తీసుకుంటాడు.

టిక్స్, అంటే రక్తం పీల్చే పిడుదులు, ఇంకా సీరియస్, గడ్డిలో, ఫెర్న్ మొక్కల్లో ఉంటాయి, వాటివల్ల లైమ్ వ్యాధి రావచ్చు. ప్యాంటు సాక్స్‌లోకి దోపుకోండి, రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం చుట్టూ వెతుక్కోండి. టిక్ రిమూవర్ అని చిన్న కొక్కెం ఫార్మసీలో దొరుకుతుంది, దాంతో మెల్లగా తీయాలి, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె రాయడం చేయొద్దు. తర్వాత వారాల్లో ఎర్రటి వలయంలా మచ్చ వస్తే డాక్టర్ దగ్గరికి. మల్‌లో క్రెయిగ్‌న్యూర్ దగ్గర చిన్న హాస్పిటల్ ఉంది, ఎమర్జెన్సీ నంబర్ 999.

వానొస్తే

వస్తుంది. రోజంతా పడితే కారులోంచే గ్లెన్ మోర్ లోయ రోడ్డు మీద నెమ్మదిగా పోయి, ఆగడానికి జాగా ఉన్నచోట ఆగి చూడండి, వాన తగ్గి ఎండ తొంగిచూసిన ఆ అరగంటలో తడిసిన గద్దలు, హెన్ హారియర్లు ఒకేసారి బయటికొస్తాయి. షార్ట్ ఇయర్డ్ ఔల్ పట్టపగలే గడ్డిమీద తక్కువ ఎత్తులో తిరుగుతూ దొరకొచ్చు. గాలివాన అయితే కాటేజ్‌లోనే పకోడీలు వేసుకుని, రాత్రి లిస్టు రాసుకోండి. లిస్టు ప్రతి రాత్రీ భోజనానికి ముందే రాయాలి, ఎవరు ఏది చూశారో, ఎక్కడో, పక్షుల లిస్టులు రాసుకునే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించేయండి, తర్వాత రాద్దాం అంటే ఎప్పటికీ రాయరు.

తిరిగొచ్చే రోజు ఫెర్రీకీ, ఫ్లైట్‌కీ మధ్య ఒక రాత్రి గ్లాస్గోలో ఉండేలా పెట్టుకోండి, గాలికి ఫెర్రీ ఆగిపోవడం ఇక్కడ మామూలే. కాల్‌మాక్ యాప్‌లో మీ రూట్‌కి అలర్ట్ పెట్టుకుంటే ముందురోజు సాయంత్రమే తెలిసే ఛాన్స్ ఉంటుంది, అప్పుడు లాక్‌అలైన్ ఫెర్రీ మీదుగా పోవడానికి కుదురుతుందేమో చూడండి, మల్‌లోని ఫిష్‌నిష్ నుంచి ఇరవై నిమిషాల లోపే దాటిస్తుంది, ఆ తర్వాత మెయిన్‌ల్యాండ్ రోడ్డు మాత్రం చాలా చుట్టు, పొద్దున్నే బయల్దేరాలి.